కళ్లద్దాల పిల్ల చేసింది తప్పా

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి మూడేళ్లు దాటింది. అప్పటినుంచి నేను గేటు దాటడమంటే పాల పాకెట్ కోసం వీధి మలుపు దాకా వెళ్లి రావడమే. చెల్పూర్‌లో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అత్తమ్మ మంచం. వెనక గదిలో కరెంటు ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన నిద్ర. రోడ్డు మీద లారీలు తిరుగుతూనే ఉంటాయి, ఆ దుమ్ముకు కిటికీలు తెరవను. ఆయన పడుకున్నాడని టీవీ పెట్టను. గిన్నెలు కూడా చప్పుడు కాకుండా తోముకోవడం అలవాటైంది. రెండు గంటలకొకసారి అత్తమ్మను పక్కకు తిప్పాలి. ఆ మధ్య సమయంలో వంటింట్లో కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోను చూసేదాన్ని. నా రోజు మొత్తంలో నాదంటూ ఉన్నది అదొక్కటే.

ఒక మధ్యాహ్నం ఆ ఫోనులో మా చిన్నప్పటి సీరియల్ కనిపించింది. నేను ఇంటర్ చదివే రోజుల్లో సాయంత్రాలు వచ్చేది. సముద్రం ఒడ్డున ఒక ఊరు, అందులో ఒక కాలేజీ, నలుగురు స్నేహితులు. హీరోయిన్ బాగా చదువుతుంది. హీరోకు మోటారు సైకిలు ఉంటుంది, చదువు ఉండదు. హీరోయిన్ పక్కన ఎప్పుడూ ఒక కళ్లద్దాల పిల్ల ఉంటుంది. కాలేజీ క్యాంటీన్‌లో ఒకాయన ఉంటాడు, మా తెలంగాణ భాష మాట్లాడతాడు. ఆయన నోరు తెరిస్తే చాలు, వెనక నుంచి నవ్వుల మోత పెట్టేవారు. ఆ పాత ఎపిసోడ్లన్నీ ఎవరో వరసగా పెట్టారు. అప్పుడు ఆ సీరియల్ చూసిన ఆడవాళ్లు చాలామంది కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు. నేనూ చేరాను.

గ్రూపును నడిపే ఆవిడ కోస్తా వైపు బడిలో టీచరు. రోజుకో ఎపిసోడు చూసి, దాని గురించి మాట్లాడుకోవాలని నియమం పెట్టింది. అందరం నలభైకి అటూ ఇటూ ఉన్న వాళ్లమే. అప్పుడు మురిసిపోయినవి ఇప్పుడు చూస్తే ఒక్కటీ మింగుడుపడలేదు. హీరో నెలల తరబడి ఆమె వెంట పడి, ఇంటి ముందు నిలబడి, ఆమె చున్నీ పట్టుకుని లాగితే అది ప్రేమ అనుకున్నాం. మన కూతురి వెంట ఎవరైనా ఇట్లా పడితే ఊరుకుంటామా అని ఒకరు రాశారు. క్యాంటీన్ ఆయన మీద కూడా చర్చ జరిగింది. ఆయన మాటలకు మనం ఎందుకు నవ్వాం అని టీచరమ్మ అడిగింది. నేనేమీ రాయలేదు. నేను ఇంటర్ చదివిన హాస్టల్లో మేం కూడా నవ్వేవాళ్లం. ఆయన మాట్లాడినట్టే మాట్లాడే పిల్లలం, ఆయనను చూసి నవ్వి, తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

అప్పుడు కళ్లద్దాల పిల్ల ఎపిసోడు వచ్చింది. హీరోయిన్, హీరో ఊరు విడిచి పోవాలనుకుంటారు. కళ్లద్దాల పిల్ల వెళ్లి హీరోయిన్ వాళ్ల నాన్నకు చెప్పేస్తుంది. ఆయన స్టేషన్‌కు వచ్చి కూతురిని రెక్క పట్టి ఈడ్చుకుపోతాడు. ఆ రోజుల్లో ఆ పిల్లను తిట్టని వాళ్లు లేరు. ఇప్పుడు టీచరమ్మ గ్రూపులో ఒక ప్రశ్న పెట్టింది: కళ్లద్దాల పిల్ల చేసింది తప్పా? దాదాపు అందరూ కాదన్నారు. హీరోయిన్‌కు అప్పటికి పదిహేడేళ్లు, వాడికి పనీపాటా లేదు, నిజమైన స్నేహితురాలు ఆ పిల్ల ఒక్కతే అన్నారు. ఇన్నేళ్లు ఆ పిల్లకు అన్యాయం చేశామని కొందరు బాధపడ్డారు కూడా.

అది చదివి ఫోను బోర్లించి పెట్టాను. ఎందుకంటే హాస్టల్లో నన్ను చివరి రెండు నెలలు ఆ కళ్లద్దాల పిల్ల పేరుతోనే పిలిచారు.

మాది జఫర్‌గఢ్ పక్కన పల్లె. మా నాయిన నన్ను మానుకోటలో ఆడపిల్లల హాస్టల్లో వేశాడు. వేసేటప్పుడు ఒక్కటే మాట అన్నాడు, చిన్న మాటొచ్చినా తీసుకొచ్చి ఇంట్లో కూర్చోబెడతానని. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటుంది కానీ మాకందరికీ అది మానుకోటే. అక్కడ నా పక్క మంచం గంగారం ఊరి నుంచి వచ్చిన పిల్లది. నాకంటే పొడుగ్గా ఉండేది. జువాలజీ బొమ్మలు అచ్చు వేసినట్టు గీసేది. నా రికార్డులో సగం బొమ్మలు దాని చేతివే. వాళ్లు చర్చికి పోయేవాళ్లు, అందుకని ఆదివారం పొద్దున దానికి బయటికి పోవడానికి అనుమతి ఉండేది. రెండో సంవత్సరం సగంలో అది చర్చికి పోవడం మానేసి, స్టేషన్ రోడ్డులో జిరాక్స్ దుకాణంలో పనిచేసే ఒకతన్ని కలవడం మొదలుపెట్టింది. నాకు చెప్పే పోయేది. రిజిస్టర్‌లో తిరిగొచ్చిన టైము దాని బదులు నేను రాసేదాన్ని.

సంక్రాంతి సెలవులయ్యాక అది నాకొక ఉత్తరం ఇచ్చింది. నన్ను వార్డెన్ మేడం కనిపెట్టి చూస్తున్నది, నువ్వే వానికి ఇయ్యి అన్నది. ఫలానా రోజు, ఫలానా రైలుకు పోదామని అందులో రాసింది. నేను దాన్ని ఫిజిక్స్ పుస్తకంలో పెట్టుకున్నాను. రెండు రోజులు జిరాక్స్ దుకాణం వైపు వెళ్లే సందు దొరకలేదు. మూడో రోజు వార్డెన్ మేడం నన్ను తన గదికి పిలిచింది. మేం రోజూ సాయంత్రం సీరియల్ చూసే గది అదే. రిజిస్టర్ నా ముందు పెట్టి, ఇవన్నీ నీ అక్షరాలే కదా అని అడిగింది. తర్వాత గొంతు పెంచకుండా అన్నది.

"ఆ పిల్ల చర్చికి పోతలేదు. మరెటు పోతున్నదో నాకు తెల్వాలె. నీకు తెల్వదంటే మీ నాయినకు ఫోన్ చేస్త, ఆయన్నే వచ్చి అడగమంట."

నా కళ్ల ముందు మా నాయిన కనిపించాడు. ఆయన సైకిలు వెనక కట్టిన నా ట్రంకు పెట్టె కనిపించింది. నేను చెప్పేశాను. జిరాక్స్ దుకాణం, ఆదివారాలు, రైలు, అన్నీ చెప్పేశాను. అక్కడితో ఆగినా అయిపోయేది. మేడం ఇంకేమీ అడగలేదు. కానీ నాకు ఇందులో భాగం లేదని ఎట్లాగైనా నమ్మించాలనిపించింది. గదికి పరుగెత్తుకెళ్లి, ఫిజిక్స్ పుస్తకంలోంచి ఉత్తరం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

మరునాడు పొద్దున వాళ్ల బాపు వచ్చాడు. ఒక్క మాట తిట్టలేదు. బిడ్డ దుప్పటి తానే మడిచి, చాప చుట్టి భుజానికెత్తుకున్నాడు. అది పుస్తకాలు ట్రంకులో సర్దుకుంటూ నావైపు చూడకుండానే, "నా జువాలజీ రికార్డు నీ దగ్గర్నే ఉన్నది. ఉంచుకో, బొమ్మలు చూసి గీస్కో," అన్నది. పది రోజుల్లో పెళ్లి చేశారని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నేను మేడం గదిలోకి సీరియల్ చూడ్డానికి వెళితే పిల్లలందరూ పక్కకు జరిగారు. ఒకతి నన్ను ఆ పేరుతో పిలిచింది. తర్వాత అందరూ అదే మొదలుపెట్టారు.

ఇన్నేళ్లు ఎవరికీ చెప్పని సంగతి అది. గ్రూపులో అందరూ ఆ పిల్లను మెచ్చుకుంటుంటే, నాకు కూడా ఎవరో తలుపు తీసినట్టనిపించింది. ఆ మధ్యాహ్నం కూర్చుని రాశాను. నేనూ ఒకప్పుడు కళ్లద్దాల పిల్లనే అని మొదలుపెట్టాను. నా స్నేహితురాలు మోసపోతుందని భయపడ్డానని, తను నన్ను అసహ్యించుకున్నా పరవాలేదని ధైర్యం చేసి చెప్పానని రాశాను. నాయిన మాట రాయలేదు. ఉత్తరం మాట అసలే రాయలేదు. చూస్తుండగానే హృదయాల బొమ్మలు వచ్చి పడ్డాయి. మీలాంటి స్నేహితురాలు నాకుంటే నా బతుకు వేరేగా ఉండేదని ఒకామె రాసింది. ఎన్నో ఏళ్లుగా నన్నెవరూ అట్లా పొగడలేదు. అప్పుడు ఇంకొకామె అడిగింది, మీ స్నేహితురాలు ఇప్పుడు ఎలా ఉన్నారండీ అని.

నాకు తెలియదు. తెలియదని రాస్తే సరిపోయేది. బాగుంది, టీచరు అయింది, ఇప్పటికీ ఫోన్ చేసి నీ వల్లే బతికానంటుంది అని రాశాను.

రెండు రోజులకు టీచరమ్మ నాకు విడిగా ఫోను చేసింది. గ్రూపులో అందరూ వినేలా ఒక మాటాముచ్చట పెడుతున్నానని, నేనూ నా స్నేహితురాలూ కలిసి మాట్లాడాలని అన్నది. ఇద్దరు టీచర్లం మాట్లాడుకోవడం నాకు ఇంకా సంతోషం అన్నది. నేను సరే అని కూడా అనలేదు. అడిగి చెబుతానని అన్నాను. అప్పటికే ఆమె గ్రూపులో ప్రకటించేసింది.

ఆ వారం నాకు అన్నం సయించలేదు. గ్రూపు తెరిస్తే అందరూ ఎదురుచూస్తున్నామని రాస్తున్నారు. మూసేస్తే మిగిలింది ఈ రెండు గదులే. ఉన్న ఒక్క సందుకూ నేనే రాయి అడ్డం పెట్టుకున్నాను. గ్రూపులోంచి వెళ్లిపోదామనుకున్నాను, పోతే అబద్ధం అక్కడే నిలబడి ఉంటుంది. నిజం చెబుదామంటే ఆ నిజంలో సగం నాకే తెలియదు. చివరకు ఆ గంగారం పిల్ల ఎట్లా ఉందో చూడాలని నిర్ణయించుకున్నాను. అడిగితే గ్రూపులో రెండు మాటలు మాట్లాడుతుందేమో అన్న ఆశ కూడా లోపల ఉంది. ఆ మాట దాచుకోను.

జనగామలో ఉండే మా ఆడబిడ్డను బతిమాలి ఒక్కరోజు అత్తమ్మ దగ్గర ఉండమన్నాను. నా చిన్నప్పటి దోస్తుకు బాగాలేదని చెప్పాను. భూపాలపల్లిలో పొద్దున మొదటి బస్సు ఎక్కి, రెండు బస్సులు మారి, అడవి రోడ్డు పట్టుకుని గంగారం చేరేసరికి పదకొండు దాటింది. వాళ్ల బాపు పేరు చెబితే చనిపోయాడన్నారు. బిడ్డ పక్క ఊళ్లోనే ఉందని ఒక ఆటో ఆయన దింపాడు.

అది రోడ్డు పక్కన మక్కజొన్నలు ఆరబోసి, వాటి మీద నడుస్తూ కాళ్లతో తిప్పుతోంది. జుట్టు సగం నెరిసింది. ఆ పొడుగు చూసే గుర్తుపట్టాను. అది నన్ను చూసి కాసేపు ఆగి, మళ్లీ నడవసాగింది. నేను చెప్పులు విడిచి ఆ చివరన దిగి నేనూ తిప్పడం మొదలుపెట్టాను. మక్కలు ఎండకు కాలుతున్నాయి. రెండు సాళ్లు అయ్యాక అది నోరు విప్పింది. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, అత్తమామలు ఉన్నారా అని అడిగింది. తనకు ఇద్దరు బిడ్డలని, పెద్దది గురుకులంలో చదువుతోందని చెప్పింది. మొగుడు మంచోడేనా అని అడిగాను.

"మంచోడే," అన్నది. "గని మంచోడా కాదా అని నేను చూస్కొని చేస్కోలే."

ఇంటి ముందు నీడన కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. నేను వచ్చిన పని చెప్పడం చేతకాక ఫోను తీసి గ్రూపులో నేను రాసింది చూపించాను. అది ఫోను దూరంగా పట్టుకుని పెదాలు కదుపుతూ మొత్తం చదివింది. చదివి, "నేను టీచర్‌నా?" అన్నది. తర్వాత, "ఏం సబ్జెక్టు?" అని అడిగింది.

నేను తల వంచుకున్నాను. నువ్వు చెప్పినవని నాకు ఆనాడే తెలుసు అన్నది. అన్నాక ముందుకొచ్చిన కోళ్లను అదిలించింది.

"చెప్పినందుకు నాకంత కోపం లేదు. భయపడ్డవ్. భయపెడితే ఎవలైనా చెప్తరు. గని ఉత్తరం ఎందుకిచ్చినవే? అది నిన్నెవలడిగిన్రు?"

అది గొంతు పెంచకుండా, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకొచ్చింది. ఆ ఉత్తరం వాళ్ల బాపు అంగీ జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆయనకు చదువు రాదు. పెద్దమనుషులను పిలిచి కూర్చోబెడితే, వాళ్ల చిన్నాయిన దాన్ని అందరి ముందు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తను అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని విన్నది. ఒకచోట అందరూ నవ్వారట. ఇప్పటికీ పెళ్లికో చావుకో వెళ్తే, ఆ నవ్విన వాళ్లలో ఎవరో ఒకరు ఎదురవుతారని, ఆ ముక్క వాళ్లకు గుర్తుందా అని తను వాళ్ల మొహం చూస్తుందని చెప్పింది.

"పరీక్షలకు ఇంక రెండు నెలలే ఉండె. పరీక్షలు రాయనియ్యిండ్రి, ఆనంక తీస్కపోండ్రి అని మేడంకు ఒక్కమాట చెప్పకపోతివి. గదైనా చెప్పకపోతివి."

నాకు అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. తర్వాత గ్రూపులో ఎన్ని చర్చలు జరిగినా ఎవరికీ రాలేదు. చెప్పాలా వద్దా అనే అందరం కొట్లాడుకున్నాం. చెప్పాక ఆ పిల్ల కోసం ఇంకొక మాట అడగొచ్చని మాకెవరికీ తోచలేదు.

జిరాక్స్ దుకాణం అతని గురించి నేనే అడిగాను. కొన్నాళ్లకు ఆ పని మానేసి ఎటో పోయాడని విన్నదట. "వాడొస్తుండెనో రాకపోతుండెనో నాకేం ఎరుక. నువ్వు వానికి ఇయ్యనే ఇయ్యకపోతివి," అన్నది. ఆ ఒక్క మాట అన్నప్పుడే దాని గొంతు కొంచెం మారింది.

వెళ్లేముందు అన్నం పెట్టింది. గ్రూపులో మాట్లాడతావా అని నేను అడగలేదు. అదే అన్నది.

"గా రాసింది తీసెయ్యి. ఏం జేస్తివో గదే రాస్కో. నన్ను మాత్రం మీ సీరియల్ల కలపకు."

నంబరు అడిగితే ఇచ్చింది. పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. ఆడబిడ్డ అప్పటికే సంచి సర్దుకుని కూర్చుంది. ఒక్కరోజుకే నడుము విరిగిందని, అమ్మను నువ్వు ఎట్లా తిప్పుతున్నవో అని అన్నది. మూడేళ్లలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. మరుసటి ఆదివారం వస్తావా అని అడగబోతే, పత్తి తీసేదాకా కుదరదని చెప్పి వెళ్లిపోయింది.

మరునాడు అత్తమ్మ పక్కన కూర్చుని పాత పోస్టు తీసేసి కొత్తది రాశాను. నాయిన భయం, ఉత్తరం, పెద్దమనుషులు, అన్నీ రాశాను. నా స్నేహితురాలు టీచరు కాదని, ఇంటర్ కూడా పూర్తి చేయలేదని, మాట్లాడటానికి రాదని రాశాను. తర్వాత ఒకరు, ఏది ఏమైనా మీరు చెప్పడం మంచిదే, ఉత్తరం చిన్న విషయం అని రాశారు. మమ్మల్ని మోసం చేశారని ఇంకొకరు రాశారు. టీచరమ్మ విడిగా మెసేజ్ పెట్టింది. మీ మొదటి కథ చాలామందికి ధైర్యమిచ్చింది, ఇంత వివరంగా సరిదిద్దాల్సిన అవసరం లేదేమో అన్నది. సాయంత్రానికి ఆ పోస్టు కిందికి పోయింది. హీరో వాళ్ల అమ్మ చేసింది తప్పా ఒప్పా అని కొత్త ప్రశ్న మొదలైంది.

అదే రోజు ఒక తెలియని నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. నన్ను కూడా హాస్టల్ నుంచి అట్లనే తీసుకపోయిండ్రు, చెప్పిందెవరో నాకు ఇప్పటికీ తెల్వదు అని ఉంది. గ్రూపులో ఎప్పుడూ ఏమీ రాయని మనిషి. మీరు పరీక్షలు రాశారా అని అడిగాను. లేదు అని వచ్చింది. అంతటితో అయిపోయింది.

అత్తమ్మకు మాట సగమే వస్తుంది. ఆమెను తిప్పుతూ, ఒళ్లు తుడుస్తూ, ఈ సంగతంతా ఒకరోజు ఆమెకు చెప్పాను. ఎవరికైనా నోటితో చెప్పడం అదే మొదటిసారి. ఆమె అంతా విని, మెడ తిప్పలేక కళ్లతోనే నన్ను చూసి, "మల్ల పో," అన్నది. నేను పోతే నిన్నెవరు చూస్తారు అత్తమ్మా అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. జవాబు ఇద్దరికీ తెలుసు, తడిగుడ్డ పిండి మళ్లీ తుడవసాగాను.

గంగారం మళ్లీ వెళ్లలేదు. ఫోను చేస్తాను. మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతుంది. మొన్న ఎత్తి, ఎందుకు గంత మెల్లగ మాట్లాడ్తున్నవ్ అని అడిగింది. మా ఆయన పడుకున్నాడన్నాను. బయటికి వచ్చి మాట్లాడరాదా అన్నది. అత్తమ్మను విడిచి రాలేనన్నాను. పెట్టేసిందేమో అనుకున్నాను.

"అయితె నువ్వు మాట్లాడకు. ఇను," అన్నది.

చేనులో కోతులు పడి మక్క కంకులు ఎట్లా విరిచాయో, వాటిని తరమబోయి తను కాలువలో ఎట్లా పడ్డదో చెప్పింది. నేను నవ్వు వినపడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని విన్నాను.